నాలుగువేల నూట యాభై

హెల్వి కుంపులా నా ఆఫీసు బల్ల మీద
తారు వాసన కొట్టే చిన్న నోటుపుస్తకం పెట్టింది.
ఎనభై నాలుగేళ్లావిడ. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.
"నాన్న రాత," అంది. "నలభై నాలుగు, సెప్టెంబరు ఆఖరు.
కోటు అస్తరులో దొరికింది, మూడేళ్ల కిందట."

పెన్సిలు గీతలు, ఒకే ఒక్క ముక్క:
ఆవిరిగది పొయ్యి మూల నుంచి
నాలుగువేల నూట యాభై. రెండువందల పన్నెండు అంగలు.

ఏం పూడ్చాడో రాయలేదు.
అమ్మ కుట్టుమిషను అని కితినెన్ నది ఒడ్డున అందరికీ తెలుసు,
ఎక్కడన్నదే అమ్మకి కూడా తెలీదు.
ఆవుల్ని తోలుకుని నది దాటుతుంటే
వెనకాల ఊరు తగలబడింది.
తిరిగొచ్చేసరికి పొగగొట్టాలు నిలబడి ఉన్నాయి.
నాన్న దారిలోనే జ్వరానికి పోయాడు.

రెండు వేసవులు తవ్వారట.
మేనల్లుడు ఒస్మో కొత్త దిక్సూచి తెప్పించాడు,
దాని అంచు చుట్టూ ఆరువేల నాలుగువందల గీతలు.
నాలుగువేల నూట యాభై దగ్గర ముల్లు ఆపి
ముక్కుసూటిగా నడిచాడు.
పదకొండు గోతులు. ఒక గుర్రపు నాడా. దోమలు.

"మీ నాన్న ఫిరంగి దళమా?"
"ఎడమ తుంటిలో ఇనప ముక్కతో ఇంటికొచ్చాడు."
అయితే ఆయన వలయం ఆరువేలు.

రొట్టె ఒక్కటేనమ్మా,
ఇంట్లో ఎంతమందున్నారో చూసి కోస్తారు.
బడిపిల్లలకి మూడువందల అరవై,
మా సర్వేయర్లకి నాలుగువందలు.
లెక్కల మేష్టర్లు కొందరు అసలు కత్తే పట్టరు,
వ్యాసార్థాన్ని తీసి అంచు వెంట వంచి పరిచి
ఆరుసార్లు పట్టింది, ఇంకాస్త మిగిలింది అంటారు.

కాగితం మీద వేసి చూపించాను.
డిగ్రీల్లో రెండువందల నలభై తొమ్మిది, తోక లేకుండా.
నా పరికరం భాషలో మాత్రం
రెండువందల డెబ్భై ఆరు, దాని వెనక ఆరు, ఆరు, ఆరు,
అయిపోని ఆర్లు. ఎక్కడో తుంచాలి. తుంచాను.
ఒస్మో పట్టుకున్నది రెండువందల ముప్పై మూడు చిల్లర.
పొయ్యి దగ్గర ఆ తేడాని బొటనవేలితో కప్పేయొచ్చు,
రెండువందల పన్నెండు అంగల అవతల
అది యాభై ఏడు అంగల ఎడం.
ఎనభై ఏళ్లలో ఉత్తరం ముల్లు కూడా పక్కకి జరిగింది;
దానికి పట్టిక ఉంది, సవరించాను.

"మరి అంగ?" అంది హెల్వి.

అంగంటే ఆయన కాలు.
దానికి పట్టిక ఎవరూ వేయలేదు.
పొడుగరా? తొందరలో ఉన్నాడా? చీకటా?
భుజాన అంత ఇనుము మోస్తూ ఎవరైనా ఎంత అంగ వేస్తారు?

జూన్‌లో వెళ్లాం. రాత్రి పదకొండైనా ఎండ.
పొయ్యి రాళ్లలో ఒక మూల ఇంకా మూలలాగే ఉంది.
పరికరం నిలబెట్టి గీత చూపించాను,
రెండు బర్చ్ చెట్ల సందులోంచి చిత్తడి వైపు.
ఒస్మో తన పొడుగు కాళ్లతో బయల్దేరబోతే
ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

పోయినేడు తుంటి ఎముక మార్చారట ఆవిడకి. ఎడమదే.
కుడికాలు వేస్తుంది, ఎడమది ఈడ్చి కలుపుతుంది.
"నాకప్పుడు ఐదేళ్లు," అంది, "కానీ ఆ చప్పుడు గుర్తుంది.
గడప ఎక్కకముందే నాన్న అని తెలిసిపోయేది."

ఒకటి, రెండు, పైకి లెక్కపెడుతూ
నా గీత మీద నడిచింది.
కాస్త ఎడమకి, అని నేను కేకేస్తే జరిగింది.
నూట నలభై దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది;
మర్చిపోతుందేమోనని ఒస్మో, నేను
లోపల్లోపల అదే అంకె గట్టిగా పట్టుకున్నాం.
రెండువందల పన్నెండు దగ్గర కర్ర గుచ్చింది.

పార ఠంగుమన్నది కర్ర కింద కాదు.
బెత్తెడు అవతల, మోకాలి లోతున,
తారు పూసిన గుడ్డలో నల్లటి ఇనుము.
చక్రం తిరగలేదు. సూది ఉంది.

అలవాటు కొద్దీ పుస్తకంలో లోపం రాసుకుంటున్నాను.
ఆవిడ తన పల్చటి కాన్వాసు జోళ్ల వంక చూసుకుని
"బెత్తెడా? అది రాయకు," అంది.
"ఆయన బూట్లు వేసుకున్నాడు."